కూర్చున్న మనిషికి గాలి

తిరుమలరావు లాంటి మొగుణ్ణి పగవాళ్ళకి కూడా ఇవ్వకు స్వామీ అని గౌరీశ్వరి ఇంతవరకూ సింహాచలం అప్పన్నకి మొక్కుకోలేదు. మొక్కుకోకపోవడం తన పొరపాటేనని ఈ మధ్యాహ్నం ఆవిడకి గట్టిగా తోస్తోంది. ఏసీలు భూమికి చేటని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చే ఆర్కిటెక్టు, ఇంట్లో మాత్రం ఏసీని పద్ధెనిమిదికి దించి, దుప్పటి చాలక దాని మీద రగ్గు కప్పుకుని, పొద్దున్నే లేచి ‘రాత్రి బాగా సల్లబడింది కదే’ అంటాడు, చల్లబరిచింది ఆకాశమైనట్టు. చట్నీలో ఉప్పు ఒక్క చిటికెడు తగ్గితే పట్టేస్తాడు, చొక్కా తిరగేసి తొడుక్కుని బజారంతా తిరిగొచ్చినా పట్టలేడు. పెళ్ళాన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళమంటే ఎండ అంటాడు, ఎండ లేకపోతే వాన అంటాడు, రెండూ లేకపోతే కారుకి గాలి లేదంటాడు. అలాంటి మనిషి ఇవాళ తనే కారు తలుపు తీసి పట్టుకుని, రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, జాలరిపేట వెనకాల దిబ్బ మీదకి తీసుకొచ్చి, ఒంటరిగా నిలబడ్డ ఒక గదిలో చక్రాల కుర్చీ చూపించి ‘ఇక్కడ కూకో’ అన్నాడు. గంటసేపు. ఫ్యాను లేకుండా. ఉద్యోగస్తురాలిలాగ.

ఉద్యోగస్తురాలిలాగ అన్న మాట దగ్గర ఆవిడ మనసు ఒక్క క్షణం కాలు జారి మళ్ళీ నిలదొక్కుకుంది. సరే, కూర్చుంది. ఈ గది నిజానికి గది కాదు, నమూనా. దొరబాబు రొయ్యల ఎగుమతి వ్యాపారం ఇన్నాళ్ళూ పూర్ణా మార్కెట్ పక్క సందులో నడిచింది. కింద మిరపకాయల గోడౌను, పైన ఆఫీసు. తుమ్ముకుంటూ లెక్కలు చూసుకునేవారు. ఇప్పుడు వ్యాపారం పెరిగి ఈ దిబ్బ కొన్నాడు. కొనగానే ఆయనకి నీలం అద్దాల మేడ మీద మనసు పడింది. సముద్రం ఎదురుగా ఇంకో సముద్రంలాగ ఉంటాదట. ఈ ఉక్కలో అద్దాల మేడంటే పొయ్యి మీద మూకుడని, నువ్వు ఏసీకి వాడే కరెంటంతా పరవాడ ప్లాంటులో బొగ్గు కాల్చి తేవాల్సిందేనని తిరుమలరావు మొత్తుకున్నాడు. సన్నగా పొడుగ్గా, ఒక వైపు దూరిన గాలి రెండో వైపునుంచి పోయేలాగ, పైన రెండు కప్పులు వేసి మధ్య ఖాళీ వదిలి, గోడలకి నీడ పడేలాగ కాల్చిన మట్టి జాలీలు పెట్టి కడతానన్నాడు. మాటలు ఎంతకీ తెగలేదు. ఆఖరికి ఆ మేడలోంచి ఒక్క గదిని అచ్చు గుద్దినట్టు ముందు కట్టి, ఏడాదిలోకెల్లా పాడు నెలలో, రోజులోకెల్లా పాడు గంటలో, ఒక మనిషిని కూర్చోబెట్టి చూద్దామని ఒప్పందమైంది. ‘నువ్వు కూకుంటే సల్లగుందంటావు బావా,’ అన్నాడట దొరబాబు. ‘మా స్టాఫ్ కూకుంటే నా మొకం సూసి సెప్తారు. మనిద్దరికీ బయపడని మనిసి గావాల.’ ‘అయితే మా ఇంటావిణ్ణి తెస్తాను.’ ‘సెల్లెమ్మ నీకు బయపడదేటి?’ దానికి ఆయన ఏమన్నాడో ఆవిడకి చెప్పలేదు. నవ్వాడట, అంతే. ఈ ఊళ్ళో మగవాళ్ళు సగం మంది ఆయన్ని బావా అనే పిలుస్తారు. మేనమామ కొడుకు కాబట్టి అలా పిలిచే హక్కున్నది తనొక్కతికే అయినా, ఆ వరసలో తనకి ఊరంతా అన్నదమ్ములే.

ఇప్పుడు ఆ ఇద్దరు బావలూ బయట రేకుల షెడ్డులో కొబ్బరి నీళ్ళు తాగుతూ కూర్చున్నారు. గంట కాగానే తలుపు తీసి అడుగుతారు. తను బాగుందంటే ఈ మేడ లేస్తుంది. బాగులేదంటే నీలం అద్దాల వాడికి ఫోను వెళ్తుంది, తిరుమలరావు బొమ్మలు చుట్టి బీరువా మీద పెట్టేసుకుంటాడు. అంతే సంగతి. కార్లో వస్తూ వస్తూ ‘నీకెలగనిపిస్తే అలగే సెప్పు గౌరీ, నా మొకం సూడకు’ అన్నాడు. ‘నాకోసం పకోడీలేటీ వెయ్యక్కర్లేదులే’ అనేటప్పుడు ఏ గొంతు వాడతాడో అదే గొంతు.

కుర్చీ మాత్రం బాగుంది. కాలితో నేలని కొంచెం తంతే వెనక్కి జరుగుతుంది, మళ్ళీ తంతే ముందుకి. ఎవరూ చూడటం లేదు కాబట్టి ఆవిడ నాలుగైదుసార్లు అటూ ఇటూ జరిగింది. బల్ల మీద ఏ తీగా లేని కంప్యూటరు, కలాల డబ్బా, అందులో నాలుగు కలాలు, ఒక గంట. గంట కొడితే ఎవరొస్తారు? టీ తెచ్చేవాడు రాడు. ఆవిడ కలాల డబ్బాని ఎడమ నుంచి కుడికి మార్చింది. చెయ్యి తనంతట తనే వెళ్ళింది. హార్బరు రోడ్డులో తను పనిచేసిన ఓడల ఏజెంటు ఆఫీసులో కూడా డబ్బా కుడివైపే ఉండేది. బి.కాం. అయిన ఏడాది. కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, వచ్చిన ఒక్కదాన్నీ మేనేజరు గుడ్డ కప్పి గర్భగుడిలో పెట్టినట్టు పెట్టాడు. మిగతావాళ్ళందరికీ టైపు మిషన్లే. టకటకా టకటకా, ఓడ పేరు, సరుకు పేరు, ఏ రేవునుంచి ఏ రేవుకి. ఇనప ఖనిజం, గోధుమలు, ఒకసారి గుర్రాలు. గుర్రాలని టైపు చేసిన రోజున అనూరాధా తనూ సాయంత్రం దాకా నవ్వుకున్నారు. అనూరాధ పక్క బల్ల. ఆమె కేరేజీలో వంకాయ, తన కేరేజీలో చేప. ఎవరిది ఎవరు తింటున్నారో మేనేజరుకి తెలిసేది కాదు. మూడో అంతస్తు. కిటికీ తన మోచేతి పక్కనే. మోచేతి కిందే అనాలి, అంత కిందికి ఉండేది ఆ కిటికీ. ఓడ కూత వేసినప్పుడు అందరూ ఫోను మాటలు ఆపి, కూత అయ్యేదాకా రిసీవరు చెవిదగ్గరే పట్టుకుని, దేవుడి దండకం చదివినప్పుడు నిలబడ్డట్టు ఉండిపోయేవారు. గౌరీశ్వరిగారూ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. గౌరీశ్వరిగారూ, రేపు కొంచెం తొందరగా రాగలరా. బతుకులో ‘గారు’ తగిలించుకున్న చోటు అదొక్కటే. అమ్మకి గౌరి, అత్తకి కోడలు, కూరగాయల వాడికి ఆంటీ, గ్యాసు పుస్తకంలో తిరుమలరావు.

చెమట మెడ వెనక నుంచి బయలుదేరి వీపు మధ్యకి వచ్చింది. వచ్చి ఆగింది. అక్కడే ఉంది. ఆరబెట్టే దిక్కు లేదు. అదేం విచిత్రమో, గది వేడిగా లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. నెత్తి మీద సెగ లేదు, గోడకి చెయ్యి ఆనిస్తే కుండకి ఆనించినట్టు ఉంది, కళ్ళకి మెత్తటి వెలుతురు. మట్టి జాలీలలోంచి చిన్న చిన్న పలకలుగా కోసి పెట్టినట్టు నేల మీద పడుతోంది. పడమటి ఎండ ఒక్క ముక్కయినా లోపలికి రాకుండా ఈయన ఎంత తంటాలు పడ్డాడో తనకి తెలుసు. డాబా మీద అట్టముక్కలతో గది చేసి, సూర్యుడి వెంబడి దాన్ని జరుపుకుంటూ తిరిగాడు, ఒడియాలు పెట్టుకోవడానికి చోటు లేకుండా. అంతా బాగుంది. మరి ఈ చెమట ఎందుకు ఆరదు? కిటికీ ఊచకి ఎవరో కట్టిన గుడ్డపేలిక పటపటా కొట్టుకుంటోంది. గాలి ఉంది. చాలా ఉంది. సముద్రం గాలి, ఈ వేళకి బయలుదేరే గాలి, తప్పకుండా వచ్చింది. మరి తన పైట చెంగు ఎందుకు కదలదు? ఆవిడ కూర్చున్న చోటునుంచే చెయ్యి పైకెత్తింది, బళ్ళో మేష్టారిని నీళ్ళకి పోనా అండీ అని అడిగినట్టు. వేళ్ళకి గాలి తగిలింది. చల్లగా, ఉప్పగా, ధారాళంగా. చెయ్యి దించింది. పోయింది. మళ్ళీ ఎత్తింది. ఉంది. కిటికీ గట్టు ఆవిడ నుదుటి ఎత్తున మొదలవుతోంది. గాలి అక్కడినుంచి దూరి, నెత్తి మీదనుంచి, కూర్చున్నవాళ్ళు అసలు మనుషులే కానట్టు సాగిపోయి, అవతలి కిటికీలోంచి వెళ్ళిపోతోంది. ఓరి నా బావా.

ఈ గట్టు సంగతి తను చెప్పింది. చెప్పడమేమిటి, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పోయిన వేసవి, భోజనాల దగ్గర, బొమ్మ బల్ల మీద పరిచి దాని మీద పులుసు గిన్నె పెట్టొద్దన్నాడు, మరెక్కడ పెట్టాలో చెప్పలేదు. ‘ఈ కిటికీ గట్టు మోకాలి దాకా దించు బావా, కూకున్నోళ్ళకి గాలి తగలాల కదా,’ అంది. ‘దించితే బల్ల మీద కాగితాలెగిరిపోతాయే.’ ‘కాగితాలకి బరువు పెట్టుకోడానికి బజార్లో ఏదోటి దొరుకుతాది. ఉక్కపోసిన మనిసికేటి దొరుకుతాది?’ దానికి ఆయన నవ్వి, ‘నువ్వు పులుసు సంగతి సూడు,’ అన్నాడు. పులుసు బాగానే ఉంది. ఆ రోజు పులుసుకి వంక పెట్టడానికి ఆ అప్పన్నే దిగి రావాలి. ఆ తర్వాత ఆయన ఆ మాట మర్చిపోయాడు, తను మర్చిపోలేదు. సంసారంలో పని విభజన అలా కుదిరింది. అయినా ఈయన ఈ గదిని చూసుకోలేదా? చూసుకున్నాడు. రోజూ వచ్చాడు. వచ్చి ఏం చేస్తాడు, నిలబడతాడు. గోడ దగ్గర నిలబడి, కిటికీ దగ్గర నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ‘అబ్బ, గాలి సూడు’ అంటాడు. మేస్త్రీలు నిలబడతారు, ఇంజనీర్లు నిలబడతారు, దొరబాబు నిలబడతాడు. కట్టేవాళ్ళూ కట్టించుకునేవాళ్ళూ అంతా నిలబడే జాతి. ఇంట్లో ఆయన చేసుకున్న అట్ట బొమ్మలో చిన్న చిన్న కాగితం మనుషులు కూడా ఉన్నారు. అందరూ నిలబడే ఉన్నారు. దుమ్ము దులిపేటప్పుడు చూసి, వీళ్ళకి కుర్చీలు ఎవరైనా వేస్తే బాగుణ్ణు అనుకుంది.

మోకాలి దాకా కిటికీ అన్నది తను పుస్తకంలో చదివింది కాదు. పాతూరులో చిన్నప్పుడు తాము అద్దెకున్న మేడలో కిటికీలు నేల దాకా ఉండేవి. ఎవరో వర్తకులు ఏనాడో కట్టించిన ఇల్లు. అందరూ చాప మీద కూర్చుని, చాప మీద తిని, చాప మీద నిద్రపోయే కాలంలో కట్టారు కాబట్టి కిటికీ కూడా కిందకి దిగి వచ్చి మనుషులతో పాటు కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ నేల తడిగుడ్డతో తుడిచేది. గుడ్డ నల్లగా వచ్చేది, హార్బరు బొగ్గు. తిట్టుకుంటూ రెండోసారి తుడిచేది. ఆ తడి ఆరకముందే గౌరి కిటికీ పక్కన బోర్లా పడుకుని, ఊచల మధ్య గడ్డం పెట్టి, కింద బండ్ల వాళ్ళ తలపాగాలు చూసేది. ఎదటి కిటికీలోంచి గాలి నేల వెంబడి పాక్కుంటూ వచ్చి ముందు మడమలకి తగిలేది, తర్వాత మోకాళ్ళ వెనక, తర్వాత వీపు. ఇప్పుడు అలా పడుకుంటే నడుం పట్టేస్తుంది, లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. పడుకోవాలని ఉంది. ఎంత ఉందంటే, ఈ చక్రాల కుర్చీ దిగి ఈ నేల మీద, చీర నలిగితే నలిగిందని... కానీ పడుకున్నా లాభం లేదు. ఈ గదిలో నేల దాకా వచ్చేది గోడే. అమ్మ లేదు, ఆ మేడ పడగొట్టేశారు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం. దుకాణానికి అద్దాలు.

ఇక్కడినుంచి ఏం కనపడుతుంది? ఆవిడ చూసింది. గోడ. కుర్చీలో నిటారుగా సాగితే గట్టు పైన ఒక చారెడు ఆకాశం. తెల్లగా మరిగిపోయిన ఆకాశం. సముద్రం ఎదురుగా ఉన్న దిబ్బ మీద కూర్చుని సముద్రం కనపడకపోవడానికి ఎంత తెలివి కావాలి! ఏజెంటు ఆఫీసులో తల తిప్పక్కర్లేదు, కన్ను తిప్పితే చాలు. లోపలికి రావడానికి వంతు కోసం కాచుకున్న ఓడలు, వరసగా, రేషను దుకాణం ముందు సంచుల్లాగ. పొద్దున్న రాగానే లెక్క పెట్టేది. ఏదైనా రాత్రికి రాత్రి వెళ్ళిపోతే మనసు చివుక్కుమనేది, తనకి చెప్పి వెళ్ళవలసినట్టు. పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు వెళ్ళింది. ఆ కొన్నాళ్ళే తన జీవితంలో బాగా ఎండ తగిలిన రోజులు. రెండు బస్సులు మారి, చేతిలో గొడుగు, భుజాన సంచి, పాత పోస్టాఫీసు దగ్గర దిగి నడక. చెమటకి జాకెట్టు అతుక్కుపోయేది. ఆఫీసులో కూర్చోగానే ఆ కిటికీ గాలికి ఆరిపోయేది. ఆరేటప్పటి ఆ సుఖం, అబ్బ, చెమట ఆరేటప్పుడు ఒళ్ళంతా ఎవరో నెమ్మదిగా పేరు పెట్టి పిలిచినట్టుండేది. ఒక సాయంత్రం బీచి గోడ మీద కూర్చుని బావ అన్నాడు: ‘ఈ ఎండల్లో రెండు బస్సులెందుకే? నల్లగయిపోతన్నావు. హాయిగా ఇంట్లో నీడపట్టున కూకో.’ ఎంత ముద్దుగా అన్నాడు! వేరుసెనక్కాయలు వలిచి చేతిలో పెడుతూ అన్నాడు. విన్నవాళ్ళంతా అదృష్టవంతురాలివే అన్నారు. అత్త అయితే ఊళ్ళో పదిమందికి చెప్పుకుంది, మావాడు పెళ్ళానికి ఎండ పొడ తగలనివ్వడని.

తను మానేసింది. తర్వాత అడిగింది కూడా, నాలుగైదుసార్లు, అక్కడక్కడ పనులు వచ్చినప్పుడు. ఎండే అన్నాడు. డిసెంబరులో అడిగినా ఎండే. ఎండ కాదని ఆవిడకి తెలుసు. అప్పటికి ఆయనకి పనిలేదు. చదువు ఉంది, బల్ల ఉంది, గుమ్మానికి పేరుపలక ఉంది, గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. పొద్దున్నే సంచి తగిలించుకుని తను మెట్లు దిగుతుంటే ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఆ పేపరు వెనక మొహం ఎలా ఉండేదో ఒక్కసారయినా చూడాల్సింది. జీతం కోసం కాదు తన బెంగ. జీతం ఏపాటిది, చీటీలకీ చీరలకీ చాలేది కాదు. పొద్దున్న మెట్లు దిగేటప్పటి ఆ చప్పుడు, తన చెప్పుల చప్పుడే. ఆ మూడో అంతస్తు, ఆ ‘గారు’. అవి రావు, రమ్మనడం లేదు కూడా. ఎండ కాదు గౌరీ, అని ఆయన నోటితో ఒక్కసారి అంటే చాలు. ఇన్నేళ్ళకి ఆవిడ కోరిక తరిగి తరిగి అంత చిన్నదైంది, అరగదీసిన గంధపు చెక్కలాగ. చిన్నదైంది గానీ వాసన పోలేదు.

బయట షెడ్డులో దొరబాబు నవ్వు వినపడింది. ఆయన నవ్వు పక్కనున్నవాళ్ళ నవ్వుని మింగేస్తుంది, కాబట్టి తిరుమలరావు నవ్వాడో లేదో తెలియలేదు. నవ్వి ఉండడు. పాపం, అనిపించింది. ఈ పాపం అనిపించడమే ఆవిడకున్న పెద్ద జబ్బు. బావకి ఈ గది అంటే ఏమిటో తెలియనిది ఎవరికి? ఎన్నేళ్ళుగానో ఊళ్ళో వాళ్ళకి అద్దాల మేడలే కట్టిపెట్టాడు. వాళ్ళు అడిగారు, ఈయన గీశాడు, ప్రతిదాని గృహప్రవేశానికీ కొత్త చొక్కా వేసుకుని వెళ్ళి, తిరిగొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. ఇది మాత్రం ఎవరూ అడక్కుండా తనంతట తను గీసుకున్నది. తెల్లవారుజామున లేచి, పళ్ళయినా తోముకోకుండా అట్ట బొమ్మ చుట్టూ తిరిగేవాడు, పుట్టిన పిల్ల ఊపిరి పీలుస్తోందా అని చూసినట్టు. బాగుందని ఒక్కమాట అంటే ఏం పోయింది? చెమట తుడుచుకోవడానికి పైట ఉంది. రేపు ఈ కుర్చీలో కూర్చునేది తను కాదు. కూర్చునేది... ఎవరు? బి.కాం. అయిన ఏడాదిలో ఉన్న ఎవరో ఒక పిల్ల. రెండు బస్సులు మారి, సంచి దించి, చెమటతో ఇక్కడ కూలబడి, ఆరుతుందని ఎదురు చూస్తుంది. గోడని చూస్తూ. నెత్తి మీదనుంచి గాలి పోతుంటుంది. ఎవరైనా వచ్చి నిలబడి, ‘అబ్బ, ఏం గాలండీ మీకు’ అంటారు. ఆ పిల్ల అవునండీ అంటుంది.

తలుపు తెరుచుకుంది.

“ఏటి సెల్లెమ్మా, బతికే ఉన్నావా?” దొరబాబు. వెనక తిరుమలరావు, చేతిలో సగం తాగిన కొబ్బరి బొండాం పట్టుకునే వచ్చేశాడు.

“ఉన్నానన్నయ్యా,” అంటూ గౌరీశ్వరి లేచి నిలబడింది. నిలబడగానే గాలి మొహానికి ఎదురొచ్చి కొట్టింది. ముంగురులు లేచాయి, కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఎంత బాగుంది! ఇప్పుడు బాగుందంటే అబద్ధం కూడా కాదు. నిలబడి చెప్పే నిజం. తిరుమలరావు ఆవిడ మొహం చూసి, ఊపిరి వదిలి, నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తికాకముందే చెప్పెయ్యాలి, పూర్తయితే తన వల్ల కాదు.

“నిలబడ్డోళ్ళకి బాగుంది. కూకున్నోళ్ళకి ఉక్క.”

“అదేటి?” అన్నాడు దొరబాబు.

“మీ స్టాఫ్ నిలబడి పని సేత్తారేటన్నయ్యా?”

“ఇయ్యాల గాలి కొంచెం...” అని మొదలెట్టాడు తిరుమలరావు.

“గాలికేటీ లోటు లేదు బావా. నా నెత్తి మీంచి ఎల్లిపోతంది. కావాలంటే కూకో.”

“అయితే నీలం అద్దాలే,” అని దొరబాబు జేబులోంచి ఫోను తీశాడు. ఆయన గొంతులో బాధ ఏమీ లేదు.

“ఎయ్యించుకో అన్నయ్యా. పెనానికి నీలం రంగేసినా అట్టు కాలక మానదు.”

దొరబాబు ఫోను పట్టుకున్న చెయ్యి దించకుండా నవ్వాడు. తిరుమలరావు నవ్వలేదు. బొండాం బల్ల మీద పెట్టి, ఆవిడ లేచిన కుర్చీలో కూర్చున్నాడు. ఈ గది మొదలెట్టిన దగ్గరనుంచి ఇందులో ఆయన కూర్చోవడం ఇదే మొదటిసారని ఆయన కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. ఎవరింటికో వచ్చినట్టు, అంచుమీద. ముందు గోడని చూశాడు. తర్వాత పైన కొట్టుకుంటున్న పేలికని చూశాడు. చెయ్యి పైకెత్తాడు. దించాడు. నుదుటి మీద చెమట బయలుదేరి, కనుబొమ్మ దాకా వచ్చి, కళ్ళజోడు వెనక్కి దిగింది. దొరబాబు ఫోనులో నంబరు వెతుకుతున్నవాడు ఆగి చూస్తున్నాడు. ఆ మనిషి వీపు మీద చొక్కా నెమ్మదిగా తడిసి నల్లబడుతుంటే గౌరీశ్వరికి తుడవాలని చెయ్యి లాగింది. తుడవలేదు.

“అప్పలరాజూ!” అని కేకేశాడు, కుర్చీలోంచి లేవకుండానే. మేస్త్రీ వచ్చాడు. “ఆ కిటికీ కింద ఇటికలు పీకీ. మోకాలి దాకా. ఎదటి గోడక్కూడా.”

“గోడేనా బాబూ? నిన్ననే కదా సున్నం ఏసినాం,” అన్నాడు అప్పలరాజు.

“పీకీమన్నాను కదా.”

పడగొట్టేసే నమూనాయే కాబట్టి మట్టితో పేర్చిన గోడ. గడ్డపార మొన తగలగానే ఇటికలు పాలపళ్ళలాగ ఊడొచ్చాయి. దొరబాబు చూసి చూసి ఉండబట్టలేక ఫోను జేబులో పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని ఎదటి గోడ పట్టాడు. దుమ్ము లేచింది. మొదటి వరస పోయేసరికి తిరుమలరావు భుజాల మీద గాలి ఆడింది. రెండో వరస, మూడో వరస. రెండు వైపులా తెరుచుకునేసరికి సముద్రం గాలి తలుపు కొట్టకుండా వచ్చేసిన చుట్టంలాగ గది మధ్యలోకి, బల్ల మీదకి, కుర్చీలో మనిషి గుండెల మీదకి వచ్చి పడింది. కలాల డబ్బా దొర్లింది. తిరుమలరావు చొక్కా ఉబ్బింది. దొరబాబు ఇటికల కుప్ప మీద కూలబడి, రెండు చేతులూ వెనక్కి ఆనించి, “ఓలమ్మో! పడవలో కూకున్నట్టుంది బావా!” అన్నాడు. అని, కాసేపు ఆ గాలిని అలాగే తాగి, “మరి ఇది ముందే ఎందుకు పెట్టకపోనావు?”

“ఇది సెప్పింది,” అన్నాడు తిరుమలరావు గౌరీశ్వరి వైపు తల తిప్పకుండా. “పోయిన వేసంగిలోనే సెప్పింది.”

“ఇనలేదేటి?”

దొరబాబు లేచి, పంట్లాం దులుపుకుని, రేపు ఇదే వేళకి మా స్టాఫ్‌ని తెచ్చి నా మొకం సూపించకుండా ఈ కుర్చీలో ఒక్కొక్కళ్ళనీ కూకోబెడతాను, ఆళ్ళు ఊఁ అంటే ఊఁ, అద్దాలోడికి అప్పటిదాకా ఏటీ సెప్పను, అని మేస్త్రీని వెంటబెట్టుకుని షెడ్డువైపు వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, “సెల్లెమ్మకి బొండాం కొట్టించండిరా బేగి,” అని ఎవరినో కేకేయడం వినపడింది.

గదిలో ఇద్దరే మిగిలారు. గాలి మిగిలింది. ఇటికలు పోయిన చోట కింద జాలరిపేట కప్పులు, ఇసక మీదకి లాగిన పడవలు, అవతల నీళ్ళ మీద వంతు కోసం కాచుకున్న ఓడలు. తిరుమలరావు కుర్చీలోనే ఉన్నాడు. ఇప్పుడు అంచుమీద కాదు, వెనక్కి ఆనుకుని. ఆయనకి ఈ ఎత్తులోంచి లోకం కొత్తగా ఉన్నట్టుంది. గౌరీశ్వరి దొర్లిన కలాలు ఏరి డబ్బాలో పెట్టింది.

“నువ్వు పన్జేసిన కాడ ఇలగే అవుపడీవా, ఓడలు?” అన్నాడు.

“ఇంకా దగ్గరగా.”

ఆయన తలాడించాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు, తడి చొక్కా కాబట్టి అద్దాలు ఇంకా మసకబారాయి, అలాగే పెట్టుకున్నాడు. ఏదో ఓడ కూత వేసింది. ఆవిడ అలవాటు చొప్పున కదలకుండా నిలబడింది. కూత పూర్తిగా ఆగిపోయేదాకా ఆయన కూడా ఆగాడు.

“ఆ ఉద్యోగం మానీమన్నాను సూడు,” అన్నాడు సముద్రం వైపు చూస్తూ, తర్వాత కష్టపడి మెడ తిప్పి ఆవిడ మొహంలోకి చూస్తూ. “ఎండా కాదు, ఏటీ కాదే అది. పొద్దున్నే నువ్వు పనికెల్లిపోతుంటే, ఏ పనీ లేక నాను ఇంట్లో కూకోలేకపోయినాను. ఆ మాట సెప్పడానికి మొకం సెల్లక ఎండ మీదెట్టినాను. తప్పు సేసినాను గౌరీ.”